కోసిన క్యాబు, దించిన బాడీ, అయినా బొమ్మలాగే కనిపిస్తున్న 1:25 హాట్ రాడ్ పికప్పు

భీమిలి_బండి
ఐదు నెలలుగా ఒక హాట్ రాడ్ (వేగం కోసం కోసి మార్చుకున్న పాత కారు) పికప్పు నమూనా మీద కూర్చున్నాను, ఇప్పుడు దాన్ని చూస్తుంటే కోపం వస్తోంది. ఆధారంగా తీసుకున్నది రెవెల్ వారి 1:25 కిట్టు (అసలు బండిలో ఇరవై అయిదో వంతు), 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఏ కూపే. తలుపుల వెనుక నుంచి బాడీని కోసేసి, స్టైరీన్ ప్లాస్టిక్ రేకుతో క్యాబుకు వెనుక గోడ కట్టాను. పైకప్పు స్తంభాలను కోసి ఎత్తు 4 మి.మీ. తగ్గించాను. ఆ తర్వాత నేలను కోసి, బాడీ మొత్తాన్ని ఛాసిస్ మీదుగా మరో 4 మి.మీ. కిందికి దించాను. ఫెండర్లు తీసేశాను. ముందు 1932 ఫోర్డ్ గ్రిల్, దాని వెనుక ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజను (వాల్వులు దిమ్మలోనే ఉండే, ఎనిమిది సిలిండర్ల పాత ఫోర్డ్ ఇంజను), క్యాబు వెనుక మరో కిట్టు నుంచి తెచ్చిన తొట్టి ఉన్నాయి. కిట్టులోని డాష్‌బోర్డు దించిన క్యాబులో ఇమడలేదు కాబట్టి దాన్ని కూడా రేకుతో నేనే చేసుకున్నాను. 1952 ప్రాంతంలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రవాడు ఒకడు తన పెరట్లో కట్టుకున్న బండిలా ఉండాలన్నది నా ఊహ.

ఇంత చేసినా అది బండిలా కనిపించడం లేదు, తిరునాళ్లలో కొన్న బొమ్మలా కనిపిస్తోంది. మా మేనల్లుడు చూసి, ఇందులో సెల్లులు ఎక్కడ వేస్తారని అడిగాడు. తప్పు ఎక్కడుందో అంతు చిక్కడం లేదు. దీనికి తోడు నిన్న మెరూన్ లాకర్ కొడితే పైకప్పంతా పాలు ఒలికినట్టు తెల్లబడింది. మూడు ఫొటోలు పెట్టాను. మొహమాటం లేకుండా చెప్పండి.

నూనెమరక
మీ మేనల్లుడికి చూపు బాగుంది. అయితే మూడు ఫొటోలూ కాకి కూర్చున్న చోటి నుంచి తీసినట్టున్నాయి. అంత ఎత్తు నుంచి తీస్తే అసలు బండి కూడా బొమ్మలాగే కనిపిస్తుంది.

కొలబద్ద
అభిప్రాయం చెప్పే ముందు నాకు అంకెలు కావాలి. ముందు యాక్సిల్ నుంచి వెనుక యాక్సిల్‌కు దూరం ఎంత? టైర్ల వ్యాసం ఎంత? తొట్టి పొడవు ఎంత, అది ఏ కొలత కిట్టులోనిది?

భీమిలి_బండి
యాక్సిళ్ల మధ్య 105 మి.మీ. ఉంది, కిట్టు ఛాసిస్‌ను ముట్టుకోలేదు. టైర్లు నాలుగూ ఒకే రకం, 30 మి.మీ. తొట్టి 66 మి.మీ. పొడవుంది, మోనోగ్రామ్ వారి పాత 1:24 కిట్టులోనిది. క్యాబు వెనుక గోడ వెనుక యాక్సిల్‌కు 25 మి.మీ. ముందు ఉంది.

కొలబద్ద
అనుకున్నదే అయింది. 1:24 కొలతకు మూలం అర అంగుళానికి ఒక అడుగు అన్న లెక్క. 1:25 లెక్కలో ఒక అంగుళం 1.016 మి.మీ. అవుతుంది, అంటే అంగుళాన్ని మిల్లీమీటరుగా చదువుకుంటే చాలు. మోడల్ ఏ చక్రాల మధ్య దూరం 103.5 అంగుళాలు కాబట్టి మీకు 105 మి.మీ. వచ్చింది, అది సరైనదే. అదే బండిని 1:24లో చేస్తే 109.5 మి.మీ. రావాలి. రెండు కొలతలకూ మధ్య తేడా నాలుగు శాతం. క్యాబు ఒక ప్రపంచంలోనూ తొట్టి మరో ప్రపంచంలోనూ ఉంటే కన్ను ఎలా ఒప్పుకుంటుంది? తొట్టి తీసేసి 1:25 తొట్టి వెతకండి.

సన్నరంపం
కొలబద్ద గారి లెక్కలో తప్పు లేదు, తీర్పు మాత్రం తప్పు. నాలుగు శాతం తేడాను తొట్టిలో ఎవరూ పట్టలేరు, ఎందుకంటే ఫోర్డ్ కర్మాగారం నుంచి వచ్చిన తొట్టిని ఉన్నది ఉన్నట్టు వాడిన హాట్ రాడ్లు తక్కువ. దాన్ని ఎలాగూ కోస్తారు. నేను 1:24, 1:25 కలిపి చేసిన బండ్లు మూడు ఉన్నాయి, నేను చెప్పేదాకా ఒక్కరూ కనిపెట్టలేదు. కొలత తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది చక్రాల్లో, స్టీరింగులో, సీట్లలో, అంటే మనిషి చేయి పడే చోట.

భీమిలి_బండి గారి బండిలో అసలు జబ్బు తొట్టి పొడవు. ఆయన చెప్పిన అంకెలే చూడండి. తొట్టి యాక్సిల్‌కు 25 మి.మీ. ముందు మొదలవుతుంది, 66లో అది పోతే యాక్సిల్ వెనుక 41 మి.మీ. మిగులుతుంది. టైరు సగం వ్యాసం 15 తీసేస్తే, టైరు వెనుక అంచు దాటి 26 మి.మీ. తొట్టి గాలిలో వేలాడుతోంది. ముందు క్యాబును అంత పొట్టి చేసి, వెనుక అంత తోక వదిలితే అది గడ్డి మోసే బండి అవుతుంది. తొట్టిని 46 మి.మీ.కు తెండి. టైరు దాటి ఆరు మి.మీ. ఉంటే చాలు.

కోసేటప్పుడు చివర్లు ముట్టుకోవద్దు. వెనుక డోరు ఉన్న కొస, క్యాబు వైపు కొస అలాగే ఉంచి, మధ్య నుంచి 20 మి.మీ. ముక్క తీసేయండి. పక్కగోడ మీద ఉన్న నిలువు పట్టీ అంచు వెంబడి కోస్తే అతుకు ఆ పట్టీ నీడలో దాక్కుంటుంది, పుట్టీ పని సగం తప్పుతుంది.

నూనెమరక
నేను చెప్పిన కాకి సంగతి అందరూ మరిచిపోయారు.

సన్నరంపం
మరిచిపోలేదు, అది నిజంగానే ముఖ్యమైన మాట. నిలబడ్డ మనిషి కన్ను నేలకు దాదాపు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 1:25లో అది 64 మి.మీ. ఫోను కెమెరా కన్ను బల్ల మీది నుంచి 64 మి.మీ. ఎత్తులో ఉండేలా అగ్గిపెట్టెలు పేర్చి ఫొటో తీయండి. బండి నిలబడే తీరులో లోపం ఉంటే ఆ ఒక్క ఫొటోలో బయటపడుతుంది. అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి ఈ కొలతలో 70 మి.మీ. ఉంటాడు. అట్టతో ఆ ఎత్తు మనిషిని కత్తిరించి బండి పక్కన నిలబెట్టండి. నేను ఏ బండి మొదలుపెట్టినా ముందు ఆ అట్టమనిషినే తయారు చేస్తాను. మా ఇంట్లో వాడికి అప్పారావు అని పేరు కూడా పెట్టాం.

కొత్తగా_వచ్చా
పైకప్పు కోయడం వేరు, బాడీ దించడం వేరు అంటున్నారు. రెండింటి వల్లా బండి పొట్టిగానే అవుతుంది కదా, తేడా ఏమిటో ఎవరైనా చెబుతారా?

గుంటూరు_గ్యారేజీ
పైకప్పు కోసి తగ్గించడాన్ని చాప్ అంటారు. కిటికీలు సన్నబడతాయి, కిటికీ గీత కింద ఏమీ మారదు. బాడీ నేలను కోసి, ఛాసిస్ పట్టీలు బాడీ లోపలికి వచ్చేలా మొత్తాన్ని దించడాన్ని చానల్ అంటారు. అప్పుడు కిటికీలు మారవు కానీ బండి నేలకు దగ్గరవుతుంది, లోపల కాళ్లు పెట్టుకునే చోటు తగ్గుతుంది. రెండూ ఒకే బండికి చేస్తే లోపల మనిషి పట్టడు. కూర్చున్న మనిషికి సీటు నుంచి తల దాకా దాదాపు 36 అంగుళాలు కావాలి, అంటే మనకు 36 మి.మీ. సన్నరంపం గారి అప్పారావును మోకాళ్ల దగ్గర మడిచి భీమిలి_బండి గారి క్యాబులో కూర్చోబెడితే తల పైకప్పు బయటికి వస్తుందని నా పందెం.

భీమిలి_బండి
పందెం మీరే గెలిచారు. అట్టమనిషిని చేసి కూర్చోబెట్టాను. సీటు దిండు తీసేసి నేల మీద కూర్చోబెట్టినా మెడ వంచుకోవాల్సి వస్తోంది.

గుంటూరు_గ్యారేజీ
అయితే ఒకటి వదులుకోండి. మోడల్ ఏ క్యాబుకు స్తంభాలు దాదాపు నిటారుగా ఉంటాయి కాబట్టి చాప్ చేసినా పైకప్పు తిరిగి దాని చోట్లో కూర్చుంటుంది, అందుకే ఈ బండికి చాప్ అంత తేలిక. నేను 1937 ఫోర్డ్ పికప్పు క్యాబుతో ఆ సాహసం చేశాను. దాని స్తంభాలు పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. 4 మి.మీ. తీసేసరికి పైకప్పు కింది భాగం కన్నా చిన్నదైపోయింది. పైకప్పును ప్లస్ గుర్తులా నాలుగు ముక్కలు చేసి, మధ్యలో రేకు ముక్కలు అతికించి పెంచాల్సి వచ్చింది. రెండు వారాల పుట్టీ పని. చాప్ ఉంచుకుని, చానల్‌ను సగానికి తగ్గించండి.

కొలబద్ద
బాడీని దించి రేడియేటర్‌ను దించకపోతే ముక్కు పైకి లేచిన పందిలా కనిపిస్తుంది. రెండో ఫొటోలో గ్రిల్ పైఅంచు కౌల్ (ముందు అద్దం కింది బాడీ భాగం) కన్నా ఎత్తుగా ఉంది. బానెట్ గీత వెనుక నుంచి ముందుకు సమంగా ఉండాలి, లేదా ముందుకు కాస్త వాలాలి. పైకి మాత్రం ఎప్పుడూ లేవకూడదు.

ఇక టైర్లు. నాలుగూ 30 మి.మీ. ఉండటం పెద్ద తప్పు, ఇది నేను ముందే చెప్పాల్సింది. ఆ కాలపు బండికి వెనుక 7.50-16 టైరు వేస్తే వ్యాసం సుమారు 32 అంగుళాలు, ముందు 5.60-15 వేస్తే సుమారు 26 అంగుళాలు. అంటే వెనుక 32 మి.మీ., ముందు 26 మి.మీ. ఒక్క ఈ మార్పుతోనే ముందు భాగం 2 మి.మీ. దిగి, వెనుక 1 మి.మీ. లేస్తుంది. బండి ముందుకు దూకబోతున్నట్టు నిలబడటమంటే ఇదే, దానికి మంత్రమేమీ లేదు.

నూనెమరక
తొట్టి మార్చమన్నవారు ఇప్పుడు టైర్ల దగ్గరికి వచ్చారు. ఆలస్యమైనా దారిలోకి వచ్చారు.

కొలబద్ద
తొట్టి కొలత మీద నా మాట నాదే. దాని వెనుక డోరు ఎత్తు కూడా నాలుగు శాతం ఎక్కువే.

పసిఫిక్_పంతులు
తొట్టిని పొట్టి చేయడం గురించి ఒక ముచ్చట. నేను ఉండేది లాస్ ఏంజెలెస్ దగ్గర. ఈ బండ్లు పుట్టిన ఎండిన సరస్సులు, మ్యూరాక్, ఎల్ మిరాజ్, ఇక్కడికి ఉత్తరాన ఎడారిలో ఉన్నాయి. అక్కడ వేగం పోటీలు నడిపే సంఘం 1937లో ఏర్పడింది. అప్పట్లో పందెగాళ్లు ఎక్కువగా కోరుకున్నది పైకప్పు లేని రోడ్‌స్టర్‌నే, బరువు తక్కువ కాబట్టి. పికప్పు తొట్టికి పేరు తెచ్చినవాడు నార్మ్ గ్రబౌస్కీ. అతడు 1950లలో 1922 నాటి మోడల్ టీ బాడీ ముందు భాగానికి మోడల్ ఏ పికప్పు తొట్టిని బాగా కురచ చేసి తగిలించి, క్యాడిలాక్ వీ8 ఇంజను బిగించాడు. ఆ బండి టెలివిజన్ ధారావాహికలో కనిపించాక దేశమంతా అలాంటివి కట్టడం మొదలుపెట్టారు. ఆ తొట్టిలో నాలుగు కొబ్బరికాయలు పెడితే అయిదో దానికి చోటుండదు. కాబట్టి సన్నరంపం గారి 46 మి.మీ. కూడా నా దృష్టిలో ఉదారంగా ఇచ్చినదే.

సన్నరంపం
అది టీ బకెట్టు (పైకప్పు లేని మోడల్ టీ హాట్ రాడ్), ఇది క్యాబున్న మోడల్ ఏ. క్యాబు బరువుగా కనిపిస్తుంది కాబట్టి వెనుక ఆ మాత్రం తొట్టి లేకపోతే బండి ముక్కు మీద పడినట్టుంటుంది. 46కు తగ్గవద్దు.

మిషిగన్_మావయ్య
అందరూ బయటి ఆకారం చూస్తున్నారు, ఇంజను ఎవరూ చూడలేదు. మొదటి ఫొటోను పెద్దది చేసి చూశాను. ఫ్లాట్‌హెడ్‌కు ఒక్కో పక్క నాలుగేసి ఎగ్జాస్ట్ గొట్టాలు ఉన్నాయి. ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8కు ఒక్కో పక్క మూడే రంధ్రాలు ఉంటాయి. ప్రతి పక్కా మధ్యలో ఉన్న రెండు సిలిండర్లు ఒకే రంధ్రం గుండా పొగ వదులుతాయి. ఆ పొగ దారి ఇంజను దిమ్మ లోపలి నుంచి, సిలిండర్ల మధ్యగా సాగుతుంది కాబట్టే ఈ ఇంజను తొందరగా వేడెక్కుతుందని పేరు పడింది. 1932లో వచ్చినప్పుడు దాని పరిమాణం 221 ఘనపు అంగుళాలు, శక్తి 65 గుర్రాలు. మామూలు జనం కొనగలిగే ధరలో వీ8 దొరకడమే అప్పుడు వింత, దాని వల్లే హాట్ రాడ్ అన్నది నలుగురికీ అందింది. దానికి నాలుగో గొట్టం తగిలిస్తే అది గోడలోంచి వచ్చిన కుళాయి.

భీమిలి_బండి
ఆ గొట్టాలు విడి భాగాల డబ్బాలో దొరికాయి, బాగున్నాయని తగిలించేశాను. ఒక పక్క ప్లేటు మీద సరిగ్గా కూర్చోకపోతే ఫైలు పెట్టి అరగదీసి మరీ అతికించాను. కూర్చోకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసింది.

నూనెమరక
ఇంజను మీకు చెప్పడానికి ప్రయత్నించింది, మీరే వినలేదు. అంత ఇబ్బంది ఎందుకు, షెవర్లే స్మాల్ బ్లాక్ పెట్టేయండి, పక్కకు నాలుగు గొట్టాలూ సరిపోతాయి.

మిషిగన్_మావయ్య
షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 వచ్చింది 1955 మోడల్ బండ్లతో. వారు కోరుకున్నది 1952. నెమ్మదిగా కడుతున్న కుర్రవాడు కాబట్టి మూడేళ్లు ఆగాడని సర్దుకోవచ్చు గానీ, అలా సర్దుకుంటూ పోతే చివరికి అల్లాయ్ వీల్స్ దాకా వస్తాం. ఒక బండి మీద ఉన్న వస్తువులన్నీ ఒకే రోజున ఒకే దుకాణం ముందు కలుసుకోగలగాలి. డెట్రాయిట్‌లో ఏటా జరిగే ఆటోరమాకు వెళ్లినప్పుడు నేను పైనున్న మెరుపుల బండ్ల దగ్గర కాకుండా, కింది అంతస్తులోని పాత పద్ధతి బండ్ల దగ్గరే రోజంతా గడుపుతాను. వాటిలో ఖరీదైనవి తక్కువ, కానీ ఏ నట్టు ఏ కాలానిదో కట్టినవాడికి తెలుసు.

గుంటూరు_గ్యారేజీ
మావయ్య గారి నియమం ప్రదర్శనలో బహుమతికి బాగుంటుంది, బల్ల మీద ఆనందానికి అంత అవసరం లేదని నా అభిప్రాయం. నేను మోడల్ ఏలో షెవర్లే ఇంజను పెట్టాను, నాకేమీ పాపం తగల్లేదు. తగిలిన దెబ్బ వేరే. షెవర్లే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) ఇంజను వెనుక కొసన ఉంటుంది. ఇంజనును ఛాసిస్‌లో కూర్చోబెట్టాక అది ఫైర్‌వాల్‌కు (ఇంజనుకూ క్యాబుకూ మధ్య గోడకు) తగిలింది. రంగు వేసి మెరుగు పెట్టిన ఫైర్‌వాల్‌ను కోసి లోపలికి గూడు చేయాల్సి వచ్చింది. ఎవరైనా ఆ ఇంజను పెట్టదలిస్తే రంగు వేయకముందే అమర్చి చూసుకోండి.

ప్లగ్గు వైర్ల గురించి కూడా ఒక మాట. అసలు వైరు మందం 8 మి.మీ. అనుకుంటే మనకు 0.32 మి.మీ. కావాలి. కుట్టు దారం వాడితే నూగు లేచి గొంగళిపురుగులా ఉంటుంది. మోటార్లకు వైండింగ్ చేసే దుకాణంలో 30 గేజి రాగి తీగ అడగండి, అది 0.315 మి.మీ. ఉంటుంది. చెత్తబుట్టలో పడేసే ముక్కలే మనకు ఏళ్ల తరబడి సరిపోతాయి. వంచితే వంగిన చోటే ఉంటుంది, పైన నలుపు ఒక్క పూత చాలు.

భీమిలి_బండి
ఫ్లాట్‌హెడ్‌నే ఉంచుతాను. మూడు గొట్టాల మానిఫోల్డును స్ప్రూ కడ్డీని (కిట్టు భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ పుల్లను) కొవ్వొత్తి మీద వేడిచేసి వంచి చేసుకుంటాను. తీగ చిట్కాకు ధన్యవాదాలు. ఇప్పుడు ఆ తెల్లబడిన పైకప్పు సంగతి చెప్పండి.

ఆటోనగర్_పెయింటర్
నేను బెజవాడ ఆటోనగర్‌లో పద్దెనిమిదేళ్లుగా అసలు బండ్లకు రంగులు వేస్తున్నాను, చిన్న బండ్లు ఆదివారం సరదా. మీకు జరిగినదాన్ని మేము పొగ పట్టడం అంటాం. లాకర్‌లోని థిన్నర్ వేగంగా ఎగిరిపోతుంది. ఎగిరేటప్పుడు ఉపరితలం చల్లబడుతుంది, మట్టికుండలో నీళ్లు చల్లబడే పద్ధతే. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లటి రంగు మీద మంచు పట్టినట్టు నీరు చేరి, రంగు పొరలో ఇరుక్కుని తెల్లగా కనిపిస్తుంది. ఆగస్టులో, సముద్రం పక్కన, సాయంత్రం పూట లాకర్ కొడితే ఇంకేమవుతుంది?

ముందు కంగారుపడి గీకేయకండి. రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిపిన థిన్నర్‌ను ఒక్క పూత, అదీ దూరం నుంచి పొగలా కొడితే, పై పొర మళ్లీ మెత్తబడి లోపలి తేమ బయటికి పోతుంది. చాలాసార్లు తెలుపు అక్కడికక్కడే మాయమవుతుంది. పోకపోతే రెండు రోజులు ఆరనిచ్చి 1500 వాటర్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, ఎండ బాగా కాసిన మధ్యాహ్నం మళ్లీ కొట్టండి. థిన్నర్‌లో పదో వంతు రిటార్డర్ ఉంటే వానాకాలం కూడా పని ఆగదు.

ఇంకో మాట. మీ తలుపు కింద అతుకు గీత రంగులోంచి కనిపిస్తోంది. మేము ప్రైమర్ మీద నల్ల రంగును దుమ్ములా చల్లి, ఆరాక చిన్న చెక్కముక్కకు చుట్టిన 1000 పేపర్‌తో రుద్దుతాం. నలుపు ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు. వేళ్లతో పట్టుకుని రుద్దితే పేపర్ పల్లంలోకి కూడా దిగి మోసం చేస్తుంది. పల్లాలను ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీతో నింపి మళ్లీ చూడండి. పని అయ్యాక పైన 2కే క్లియర్ (గట్టిపడే ద్రవం కలిపి కొట్టే రంగులేని పూత) కొట్టండి, అద్దంలా వస్తుంది.

సన్నరంపం
నల్ల దుమ్ము చిట్కా బంగారం, అందరూ రాసిపెట్టుకోండి. మిగతా రెండింటి దగ్గర ఆగాలి. అసలు బండికి ఉన్నది ఇనుప రేకు, మనది పాలీస్టైరీన్. ఎన్‌సీ పుట్టీని మందంగా పెడితే అందులోని ద్రావకం ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, ఆరాక కుంగుతుంది. పలుచటి పొరలుగా, ఒక్కో పొరకూ ఒక రోజు ఇచ్చి పెట్టాలి. ఎన్‌సీ థిన్నర్‌ను ప్రైమర్ లేని ప్లాస్టిక్ మీద తడిగా కొడితే ఎండిన చెరువు అడుగులా పగుళ్లు వస్తాయి. నా మొదటి బండి తలుపు అంచులు అలాగే కరిగిపోయాయి, దాన్ని ప్రమాదంలో చితికిన బండిగా మార్చి పరువు దక్కించుకున్నాను.

2కే క్లియర్ గట్టిపడే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆటోనగర్‌లో మీకు గాలి ఆడే చోటు, తగిన ముసుగు ఉంటాయి. అపార్ట్‌మెంటు బాల్కనీలో రుమాలు కట్టుకుని కొట్టే పని అది కాదు. ఊపిరితిత్తులకు ఒకసారి అది పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఉబ్బసం వస్తుంది. 1:25 బండికి లాకర్ క్లియర్ చాలు.

ఆటోనగర్_పెయింటర్
ముసుగు సంగతి ఒప్పుకుంటున్నాను, రాయడం మరిచాను. మా దగ్గర పాత మేస్త్రీలు ఇద్దరు అలాగే రంగు పని మానేయాల్సి వచ్చింది. పుట్టీ విషయంలో మాత్రం తొందరపడేవాడిది తప్పు, పుట్టీది కాదు.

కొత్తగా_వచ్చా
రంగు ఆరడానికి బియ్యం డబ్బాలో పెడితే తేమ లాగేస్తుందని విన్నాను, నిజమేనా?

నూనెమరక
తేమ సంగతి తెలియదు కానీ, ఆ బియ్యంతో వండిన అన్నం మెరూన్ లాకర్ వాసన వస్తుంది. ఆ తర్వాత మీరు కూడా డబ్బా పక్కనే పడుకోవాలి.

పొణికికర్ర
తొట్టిని కోస్తున్నారు కాబట్టి నేల కూడా కొత్తగా వేయక తప్పదు, ఆ అవకాశం వదులుకోకండి. హాట్ రాడ్ పికప్పుల్లో తొట్టి నేలకు వరసగా చెక్క పలకలు పరిచి, మధ్య మధ్య మెరిసే ఉక్కు పట్టీలు బిగించడం పరిపాటి. ప్లాస్టిక్ మీద చెక్క రంగు వేయడం కన్నా నిజం చెక్కే పెట్టండి. చిక్కంతా నారలోనే ఉంది. టేకు ముక్క పెడితే దాని నార గీతలు ఈ కొలతలో తాటిదూలం మీది గీతల్లా కనిపిస్తాయి. మాది కొండపల్లి పక్క ఊరు. బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్క తేలిగ్గా, మెత్తగా ఉంటుంది, పలుచగా చీరితే నార దాదాపు కనిపించదు. బొమ్మల ఇళ్లలో అడిగితే పనికిరాని తునకలు ఇస్తారు. పలక వెడల్పు 6 మి.మీ., మందం ఒకటి కన్నా తక్కువ ఉంచండి, అసలు బండిలో అది ఆరంగుళాల పలక అవుతుంది. చిక్కటి టీ డికాషన్ రెండు పూతలు పెడితే వయసు వచ్చిన చెక్క రంగు వస్తుంది. పలకల మధ్య సందులు పడితే మా వాళ్లు బొమ్మ అతుకులకు వాడే మక్కు పెట్టవచ్చు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది, చెక్కతో కలిసిపోతుంది.

మిషిగన్_మావయ్య
చెక్క ఎంపిక బాగుంది, మక్కు మాత్రం వద్దు. అసలు తొట్టిలో పలకల మధ్య సందును కప్పేది ఉక్కు పట్టీ, అది నింపాల్సిన సందు కాదు. ఒక మి.మీ. వెడల్పు స్టైరీన్ పట్టీకి మెటల్ ఫాయిల్ చుట్టి సందు మీద పెట్టండి. వంటింటి ఫాయిల్ మందం ఎక్కువ, మూలల్లో ముడత పడుతుంది. పట్టీ మీద బోల్టు తలలు సూదిమొనతో వెనుక నుంచి నొక్కితే సరిపోతుంది.

పొణికికర్ర
మావయ్య గారి మాట సబబుగానే ఉంది. మక్కును తొట్టి అంచు దగ్గరి ఖాళీలకు దాచుకుంటాను.

గుంటూరు_గ్యారేజీ
టైర్లు మారుస్తున్నప్పుడు ఇది గుర్తుంచుకోండి. పాత కిట్ల మెత్తటి వినైల్ టైర్లు ప్లాస్టిక్ వీల్‌ను ఏళ్లు గడిచేకొద్దీ తినేస్తాయి. నా అల్మారాలో ఉన్న ఒక బండి టైరు పీకితే వీల్ దానితోపాటే జిగురులా వచ్చింది. టైరు లోపలి అంచుకూ వీల్‌కూ మధ్య ఫాయిల్ పొర ఒకటి పెడితే ఆ గొడవ ఉండదు.

భీమిలి_బండి
మూడు వారాల తర్వాత మళ్లీ వస్తున్నాను. చేసినవి చెబుతాను. తొట్టి మధ్య నుంచి 20 మి.మీ. తీసేశాను, పట్టీ నీడలో అతుకు నిజంగానే దాక్కుంది. చానల్‌ను 2 మి.మీ.కు తగ్గించాను, గ్రిల్‌ను అంతకు తగ్గట్టు దించాను. అప్పారావు ఇప్పుడు మెడ వంచకుండా కూర్చుంటున్నాడు, టోపీ మాత్రం పెట్టుకోలేడు. వెనుక 32, ముందు 26 టైర్లు వేశాను. ఫ్లాట్‌హెడ్‌కు పక్కకు మూడేసి గొట్టాలు పెట్టాను. రిటార్డర్ పూతతో పైకప్పు తెలుపు ముప్పావు వంతు పోయింది, మిగిలింది రుద్ది మళ్లీ కొట్టాను. తొట్టి నేలకు తెల్ల పొణికి కొండపల్లి నుంచి తెప్పించుకున్నాను, పొణికికర్ర గారు పంపిన తునకలతో ఇంకో మూడు బండ్లకు నేల వేయవచ్చు.

64 మి.మీ. ఎత్తు నుంచి తీసిన ఫొటోలు నాలుగు పెట్టాను, ఒకటి తెరిచిన తలుపు లోంచి తీసింది. మేనల్లుడు ఈసారి సెల్లుల గురించి అడగలేదు, ఈ బండి ఎవరిదని అడిగాడు.

కొలబద్ద
బానెట్ గీత సరిపోయింది. నిలబడిన తీరులో వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. వెనుక డోరు మాత్రం ఇంకా నాలుగు శాతం ఎత్తుగానే ఉంది.

సన్నరంపం
కొలబద్ద గారు ఆ డోరును వదలరు. చాలా బాగుంది. మొదటి ఫొటోను, దీన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే కిట్టు అంటే నమ్మబుద్ధి కావడం లేదు.

కొత్తగా_వచ్చా
తెలియక అడుగుతున్నాను, తప్పైతే క్షమించండి. కాలిఫోర్నియాలో స్టీరింగు ఎడమ పక్క ఉంటుంది కదా? నాలుగో ఫొటోలో కుడి పక్క ఉందేమిటి?

నూనెమరక
మూడు వారాలుగా ఇంతమంది పెద్దలు టైరు వ్యాసాలు, ఎగ్జాస్ట్ రంధ్రాలు లెక్కపెడుతూ కూర్చున్నాం. ఈ అబ్బాయికి కుర్చీ వేయండి.

మిషిగన్_మావయ్య
అట్టమనిషిని ఏ పక్క కూర్చోబెట్టారో ఎవరమూ అడగలేదు. ఇందులో నా వాటా తప్పు కూడా ఉంది, ఇంజను చూసి ఆగిపోయాను.

పసిఫిక్_పంతులు
ఒక దారి ఉంది. ఆ రోజుల్లో బ్రిటిష్ సామ్రాజ్యంలోని దేశాలకు కుడి స్టీరింగు ఫోర్డులు కెనడా ఫోర్డ్ నుంచే వెళ్లేవి. 1926లో మన దేశంలో మొదలైన పాత ఫోర్డ్ ఇండియా కూడా కెనడా ఫోర్డ్‌కు అనుబంధ సంస్థే. కాబట్టి మీ బండి బొంబాయి రేవులో దిగిన మోడల్ ఏ అని చెప్పుకోండి.

మిషిగన్_మావయ్య
అప్పుడు దాని మీద 1952 కాలిఫోర్నియా కుర్రవాడి హంగులన్నీ ఎలా వచ్చాయో చెప్పడానికి ఇంకో కథ కావాలి. ఒకే రోజు, ఒకే దుకాణం అన్న మాట మీదే ఉన్నాను.

భీమిలి_బండి
డాష్‌బోర్డు నేనే చేశానని మొదట్లో గొప్పగా రాసింది ఇందుకేనేమో. రోజూ నడిపే బండిలో చేయి ఎటు పోతుందో అటే పెట్టేశాను. స్టీరింగు కాడను సూపర్‌గ్లూతో అతికించాను, లాగితే క్యాబు పగిలేలా ఉంది. చల్లబడితే ఆ జిగురు పెళుసెక్కి విడిపోతుందని అంటారు కాబట్టి బండిని ఫ్రీజర్‌లో పెట్టాను. ప్రస్తుతం ఐస్ ట్రేకూ బఠాణీల పొట్లానికీ మధ్య ఉంది. మా ఆవిడ ఇంకా చూడలేదు.